నలభైకి దగ్గరలో యూఎక్స్ డిజైన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో యూఎక్స్ డిజైన్ గురించి అడిగినవాటిని ఈసారి ఒకచోట చేర్చాం. యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్. ఒక యాప్‌నో వెబ్‌సైట్‌నో ఏటీఎంనో వాడే మనిషికి ఎక్కడ చెయ్యి ఆగిపోతోంది, ఎందుకు ఆగుతోంది అని కనిపెట్టి, ఆగకుండా దిద్దడం ఈ పని. 1990ల తొలినాళ్లలో యాపిల్‌లో పనిచేసిన డాన్ నార్మన్ తన హోదాలో ఈ మాట పెట్టుకున్నాక ఇది వాడుకలోకి వచ్చింది. రంగులు, బొమ్మలు ఇందులో ఒక భాగం. చాలామంది మొత్తం అదే అనుకుని దిగుతారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: మాది పాలకొల్లండి. వయసు 36. ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఒక సంస్థవారు ఆన్‌లైన్‌లో ఆరు నెలల యూఎక్స్ కోర్సు, లక్షా అరవై వేలు ఫీజు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నాకు బొమ్మలు వేయడం రాదు, కోడింగ్ రాదు. చేరమంటారా?

జవాబు: ముందు డబ్బు సంగతి. ఇప్పుడే కట్టకండి. ‘గ్యారంటీ’ అన్నమాట నోటితో కాకుండా కాగితం మీద ఎలా ఉందో తెప్పించుకుని చదవండి. దాని కింద షరతులుంటాయి: హాజరు ఇంత ఉండాలి, నెలకు ఇన్ని దరఖాస్తులు పెట్టాలి, ఏ ఊళ్లో ఎంత జీతానికి పిలిచినా వెళ్లాలి. ఒక్కటి తప్పినా గ్యారంటీ చెల్లదు. ఇక ‘నెలనెలా వాయిదాల్లో కట్టండి’ అంటే చాలాసార్లు అది సంస్థకు కట్టే వాయిదా కాదు. ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున ఇచ్చే అప్పు. మీరు రెండో నెలలో మానేసినా ఈఎంఐ మానదు. సంతకానికి ముందు ‘అప్పిచ్చేది ఎవరండీ, మధ్యలో మానేస్తే ఏమిటండీ’ అని రాతపూర్వకంగా అడగండి. పాత విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు, అంటే చేసిన పనులు చూపించే సంకలనాలు, ఒక అయిదు చూపించమని కూడా అడగండి. అయిదూ భోజనం ఆర్డరు చేసే యాప్‌కి కొత్త రంగులు వేసినవే అయితే, మీది ఆరోది అవుతుంది.

బొమ్మలు రానక్కర్లేదు. నల్లబల్ల మీద దీర్ఘచతురస్రం, బాణం గుర్తు గీయగలిగితే ఆ చెయ్యి చాలు. కోడింగ్ కూడా తప్పనిసరి కాదు. వెబ్ పేజీలు రాసే భాషలైన హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ మూడు నాలుగు వారాలు చూస్తే, మీరు గీసినదాంట్లో ప్రోగ్రామరుకి ఏది గంట పని, ఏది నెల పని అన్నది తెలుస్తుంది. అంతవరకు అవసరం.

నేర్చుకోవడానికి లక్షన్నర అక్కర్లేదు. ఆన్‌లైన్ కోర్సుల సైటు కోర్సెరాలో గూగుల్ వారి యూఎక్స్ కోర్సు 2021 నుంచి ఉంది. నెలవారీ చందా కట్టాలి, ఫీజు రాయితీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకులు చెప్పిన హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ (మనిషి కంప్యూటర్‌ను ఎలా వాడతాడన్న విషయం) పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. తెరలు గీసే ఫిగ్మా బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, నేర్చుకునేవాళ్లకు ఉచిత ఖాతా సరిపోతుంది. అయితే ఒక మాట. సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. అది మీరు క్రమం తప్పకుండా చదివారని మాత్రమే చెబుతుంది.

ఉద్యోగం చేసుకుంటూ వారానికి పది గంటలు తీయగలిగితే ఏడాది పడుతుంది. ఆరు నెలలన్న లెక్క రోజంతా ఇదే పనిగా కూర్చునేవారిది. మొదటి ఆరు వారాలు పనిముట్టు చేతికి అలవాటు కావడానికి ఇవ్వండి. ఫ్రేమ్ (తెర చట్రం), ఆటో లేఅవుట్ (లోపలి మాటను బట్టి డబ్బాలు వాటంతటవే సర్దుకోవడం), కాంపొనెంట్ (మళ్లీ మళ్లీ వాడుకునే ముక్క), ప్రోటోటైప్ (నొక్కి చూడగల నమూనా) అనే నాలుగూ వస్తే మొదలుపెట్టడానికి చాలు. రోజూ మీ ఫోన్లోని ఒక యాప్ తెరను స్క్రీన్‌షాట్ తీసి, పక్కనే అచ్చు అలాగే గీయండి. ఖాళీ స్థలాలు 8, 16, 24 అంటూ ఎనిమిదో ఎక్కంలో ఎందుకు నడుస్తాయో లెక్కల టీచరుకి చెప్పక్కర్లేదు, వారంలో మీకే అందుతుంది. కొత్తవాళ్లు తప్పేది ఆటో లేఅవుట్ దగ్గర. డబ్బాలను చేత్తో జరిపి వరసగా పేర్చేస్తారు. లోపలి మాట కాస్త పొడుగవగానే ఒకదాని మీదొకటి పడతాయి. ఈ నకళ్లు సాధన కోసమే, పోర్ట్‌ఫోలియోలోకి రాకూడదు.

తర్వాతి పది వారాలు తప్పులు పట్టడం నేర్చుకోండి. వాడుక సౌలభ్యం మీద పరిశోధించిన జేకబ్ నీల్సన్ 1994లో స్థిరపరిచిన పది సూత్రాలున్నాయి. ఏం జరుగుతోందో తెర చెబుతుండాలి, వాడేవాళ్ల భాషలో మాట్లాడాలి, పొరపాటున నొక్కితే వెనక్కి రావడానికి దారి ఉండాలి, ఇలాంటివి. మీ స్కూలు తల్లిదండ్రులకిచ్చే యాప్‌నే తీసుకోండి. ఒక పట్టిక గీసి నాలుగు గడులు పెట్టండి: ఏ తెర, ఏం తప్పు, ఏ సూత్రానికి విరుద్ధం, తీవ్రత ఎంత. తీవ్రతకు 0 నుంచి 4 దాకా అంకెలు వేయాలి. 0 అంటే అసలు తప్పే కాదు, 4 అంటే సరిచేయకుండా జనంలోకి వదలకూడదు. పేపర్లు దిద్దిన చెయ్యి కాబట్టి ఇది మీకు త్వరగా పట్టుబడుతుంది.

మిగిలిన కాలమంతా ఒకే ఒక్క ప్రాజెక్టుకి. మీ దగ్గర్లోనే ఉంది అది. తండ్రి కువైట్‌లో, తల్లి ఇంట్లో, ఫోను తాతగారి జేబులో ఉన్న పిల్లవాడి ప్రోగ్రెస్ రిపోర్టు ఎవరు చదువుతున్నారు, ఏం అర్థం చేసుకుంటున్నారు? హోంవర్కు వాట్సాప్ గ్రూపులో శుభోదయాల కింద ఎలా పూడిపోతోంది? ఆరు ఇళ్లకు వెళ్లి అడగండి. ఇది హైదరాబాదులో కూర్చున్న కుర్రాడికి దొరకని సరుకు.

టీచర్లకు ఒక లోపం మాత్రం వెంట వస్తుంది, ముందే చెబుతున్నాం. ఎదుటివాళ్లు తడబడితే అందించకుండా ఉండలేరు. మీరు గీసిన తెరను వాడి చూడమని పరీక్షకు కూర్చోబెట్టిన మనిషి తప్పు బటన్ మీద వేలు పెట్టగానే ‘అది కాదమ్మా, కింద చూడండి’ అని నోరు జారుతుంది. ఆ క్షణంతో ఆ పరీక్ష చెడినట్టే. ఆ తప్పు చూడటానికే కదా వెళ్లింది. నాలుక కరుచుకుని, మనసులో పది లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

స్కూలు ఉద్యోగం అప్పుడే మానకండి. 2022 చివరి నుంచి పెద్ద టెక్ కంపెనీల్లో కోతలు మొదలయ్యాక కొత్తవారికి చోట్లు బిగిశాయి. మామూలు తెరల్ని ఇప్పుడు ఏఐ పరికరాలు నిమిషంలో గీసి పెడుతున్నాయి. ఏం గీయాలో, ఎవరికి గీయాలో తెలిసిన మనిషికే విలువ మిగిలింది.

ప్రశ్న: భీమవరం దగ్గర ఆక్వా మేతల కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్ని. 41 ఏళ్లు. ఏడాదిగా రాత్రిళ్లు ఫిగ్మా నేర్చుకున్నాను. ఫుడ్ డెలివరీ యాప్ ఒకటి, సినిమా టికెట్ల యాప్ ఒకటి రీడిజైన్ చేసి పోర్ట్‌ఫోలియోలో పెట్టాను. అరవై చోట్లకు పంపితే ఒక్క పిలుపు లేదండి. వయసు వల్లనా?

జవాబు: వయసు కొన్నిచోట్ల అడ్డే, కాదనం. కానీ మీ విషయంలో అంతకన్నా ముందు అడ్డొచ్చింది ఆ రెండు ప్రాజెక్టులు. దరఖాస్తులు చూసేవాళ్ల బల్ల మీద అలాంటివి కుప్పలుగా ఉంటాయి. పైగా ఆ కంపెనీల లోపలి లెక్కలు మీకు తెలియవు కాబట్టి, ‘ఈ బటన్ ఇక్కడికెందుకు మార్చారు’ అని అడిగితే ‘అందంగా ఉంటుందని’ తప్ప జవాబుండదు. రెండూ తీసేయండి. గట్టు మీద నిలబడి రోజూ చూసేది మీకు మామూలు. బయటివాళ్లకు అది తెలియని లోకం.

రొయ్యల రైతు రోజువారీ లెక్క రాసుకునే చిన్న యాప్ ఒకటి అనుకోండి. చెరువు తెలియని డిజైనరు దాన్ని ఎక్కడెక్కడ చెడగొడతాడో చూడండి. ‘కౌంట్’ అన్న అంకె పెరిగితే ఆకుపచ్చ బాణం పైకి పెడతాడు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలన్నది. 100 కౌంట్ కన్నా 40 కౌంట్ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. అంకె తగ్గితేనే రైతు మొహం వెలుగుతుంది. అంటే ఆ బాణం అతనికి తలకిందులుగా కనిపిస్తుంది. ఆక్సిజన్ పడిపోతే ఫోన్లో నోటిఫికేషన్ ఇద్దామంటాడు. నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు చేరేది తెల్లవారకముందు. రాత్రంతా మొక్కలు ఆక్సిజన్ చేయవు, చెరువులోని జీవాలన్నీ పీలుస్తూనే ఉంటాయి. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి వచ్చిందంటే నీటికి గాలి కలిపే ఏరేటర్లు తిరగాల్సిందే. ఆ వేళ రైతు ఇంట్లో నిద్రలో ఉంటాడు, గట్టు మీద ఉన్న కాపలా మనిషి దగ్గర కీప్యాడ్ ఫోనుంటుంది. అక్కడ పనికొచ్చేది నోటిఫికేషన్ కాదు, ఇద్దరికీ ఒకేసారి మోగే ఫోన్ కాల్. ‘ఎత్తకపోతే రెండు నిమిషాలకు మళ్లీ’ అన్న నియమంతో సహా. ఈ ఒక్క నిర్ణయాన్ని కారణంతో రాసి చూపండి. నలభై అందమైన తెరల కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

ఇక పని ఎలా చేయాలంటే. మీ కంపెనీ యాప్ తెరలు, రైతుల ఖాతాలు ముట్టుకోకండి, అవి మీవి కావు. కాగితం మీద సొంతంగా మొదలుపెట్టండి. ఫోను సైజులో కత్తిరించిన అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో ఎనిమిది తెరలు గీయండి: ఈ రోజు మేత, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) ఫలితం, నీటి పరీక్ష, శాంప్లింగ్ (కొన్ని రొయ్యలు పట్టి తూచడం) బరువు, అలా. అవి పట్టుకుని ముందు ఒక్కరి దగ్గరికి వెళ్లండి. అది ట్రయల్. ఆ ఒక్కరితోనే మీ ప్రశ్నల్లో సగం పనికిరానివని తేలుతుంది. దిద్దుకుని, ఫిగ్మాలో ప్రోటోటైప్ చేసి, అప్పుడు అయిదుగురితో పరీక్ష పెట్టండి.

అయిదుగురే ఎందుకని అడుగుతారు. నీల్సన్, లాండవర్ అనే ఇద్దరు 1993లో వేసిన లెక్క ఇది. వాళ్లు చూసిన ప్రాజెక్టుల్లో ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలకు తగిలాడు. ఆ లెక్కన అయిదుగురయ్యేసరికి 85 శాతం దాకా బయటపడతాయి. అయితే దీన్ని వేదవాక్కులా పట్టుకోకండి. పదిమందిలో ఒకరికే తగిలే లోపమైతే, అయిదుగురితో అది కనబడే అవకాశం 41 శాతమే. పైగా అయిదుగురూ ఒకే తరహా వాళ్లయి ఉండాలి. రైతులు, కొనుగోలుదారుల ఏజెంట్లు ఇద్దరూ వాడే యాప్ అయితే రెండు జట్లుగా, జట్టుకి ముగ్గురు నలుగురు చొప్పున చూడాలి.

వేళ చూసుకుని వెళ్లండి. మేత వేశాక చెక్ ట్రే చూసేదాకా గట్టు మీద గంటన్నర, రెండు గంటలు తీరిక ఉంటుందని మీకు తెలిసిందే. మనిషికి ముప్పై నలభై నిమిషాలు చాలు, నాలుగు పనులకు మించి ఇవ్వకండి. పని అప్పజెప్పేటప్పుడు తెర మీద ఉన్న మాట మీ నోట రాకూడదు. బటన్ మీద ‘మేత నమోదు’ అని ఉంటే ‘మేత నమోదు చేయండి’ అనకూడదు. అలా అంటే అక్షరాలు జత కలపడమే అవుతుంది. ‘పొద్దున్న రెండో చెరువులో 30 కిలోలు వేశారనుకోండి. సాయంత్రం మీ అబ్బాయి చూసుకోవడానికి అది ఇందులో ఎలా పెడతారు?’ అనాలి. మధ్యలో ‘ఇదేనా అండీ నొక్కేది?’ అని అడుగుతారు. ‘మీకేమనిపిస్తోందండీ?’ అని తిప్పి అడగండి, అంతే.

మన వైపు ఇంకో ఇబ్బంది ఉంది. గోదారి మర్యాద. ‘ఎలా ఉందండీ యాప్?’ అంటే ‘ఆయ్, చాలా బాగుందండి’ అనేస్తారు, టీ కూడా ఇప్పిస్తారు. ఆ మాటకు విలువ లేదు. మీరు మేత కంపెనీ మనిషి కావడంతో మొహమాటం రెండింతలు. అందుకని అభిప్రాయం అడగనే వద్దు, చేతులు చూడండి. వేలు మొదట ఎటు వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఏం గొణిగారు, సాయం లేకుండా పని పూర్తయిందా. ఈ నాలుగే రాసుకోండి. ‘ఇది మా అల్లుడు గీసింది, తప్పులుంటే వాడికి చెప్పాలి’ అన్న చిన్న అబద్ధంతో నోళ్లు విప్పించేవాళ్లూ ఉన్నారు. దాని బదులు ‘ఇది ఇంకా చిత్తుప్రతే, పరీక్ష దీనికి, మీకు కాదు’ అని నిజం చెప్పినా నోరు విప్పుతారు. మొహాలు ఫొటో తీయకండి. చెరువు లెక్కల్లో అప్పుల లెక్క కూడా ఉంటుంది, అంకెలు మార్చి రాయండి.

పరీక్ష గది లోపల కాకుండా గట్టు మీదే, మిట్ట ఎండలో, వాళ్ల ఫోన్లోనే జరగాలి. లేత బూడిదరంగు అక్షరాలు ఎండలో మాయమైపోతాయి. తెల్ల నేల మీద 999999 రంగు (కంప్యూటర్‌లో ఒక లేత బూడిదకు సంకేతం) అక్షరానికి కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ నేలకూ మధ్య వెలుగు తేడా, 2.85 మాత్రమే. కనీసం 4.5 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి, అంటే 767676 కన్నా లేత రంగు వాడకూడదు. ఎండకు అదీ చాలదు, నలుపే పెట్టండి. తడిచేతితో తెర ముట్టుకుంటే ఒకచోట నొక్కితే ఇంకోచోట పడుతుంది. ఆండ్రాయిడ్ సూచించే బటన్ కొలత 48 డీపీ, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. గట్టు మీదికి ఇంకాస్త పెంచండి, రెండు బటన్ల మధ్య ఎడం వదలండి.

ఈ పరీక్ష సంగతి పోర్ట్‌ఫోలియోలో రాసేటప్పుడు ‘80 శాతం మంది’ అనకండి. ఉన్నదే అయిదుగురు. ‘అయిదుగురిలో నలుగురు’ అని రాయండి. మొదటి ప్రతి, అక్కడ ఏం విరిగింది, ఏం మార్చారు, మార్చాక ఏమైంది, ఇంకా ఏం తేలలేదు. ఈ వరసలో తెరకి రెండు మూడు వాక్యాలు. మార్చినా ఫలితం రాని విషయం ఒకటి ఉంటే దాచకండి, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అదే ఎక్కువ పనికొస్తుంది. అప్పుడు దరఖాస్తులు అరవై చోట్లకు కాకుండా ఆక్వా, వ్యవసాయం, గ్రామీణ రుణాల యాప్‌లు చేసే కంపెనీలకు పంపండి. అక్కడ మీ 41 ఏళ్లు భారం కావు.

ప్రశ్న: అమలాపురంలో డీటీపీ సెంటరు. పదిహేనేళ్లుగా శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేస్తున్నాను. ఫోటోషాప్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు కొట్టిన పిండి. యూఎక్స్‌కి మారితే నా పనితనం ఎంతవరకు పనికొస్తుంది?

జవాబు: కన్ను పనికొస్తుంది, ఫైళ్లు పనికిరావు. వరస తప్పితే పట్టేయడం, ఏది పెద్దగా ఏది చిన్నగా ఉండాలో తెలియడం, ‘ఇంకొంచెం ఎర్రగా’ అన్న కస్టమరు మాట వెనక అసలు కోరిక పట్టుకోవడం, ఇవన్నీ మీతో వస్తాయి.

మార్చుకోవాల్సిన వాటిలో మొదటిది అక్షరం. అను ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చినవి. ఆ ఫాంటు లేని ఫోన్లోకి వెళ్లగానే పిచ్చి ఇంగ్లిషు అక్షరాల్లా కనిపిస్తాయి, వెతికితే దొరకవు, చూపులేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాటిని చదవలేదు. తెర మీద యూనికోడే, అంటే తెలుగు అక్షరాలకు తమ సొంత సంకేతాలున్న పద్ధతే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కానీ ఫోనెటిక్ కానీ ఒకటి పట్టుకుని నెల రోజులు దానితోనే టైపు చేయండి. నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు ఫిగ్మాలోనే దొరుకుతాయి. పాత ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు వత్తులు విడిపోయి కనిపిస్తే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టాలి. చాలామంది ఇది తెలియక ఫాంటునే తిడతారు.

రెండోది పంక్తుల ఎడం. ఇంగ్లిషు కోసం గీసిన డబ్బాలో తెలుగు పోస్తే పైన గుడి, కింద వత్తు తెగిపోతాయి. కొత్త తెర గీసినప్పుడల్లా ‘స్త్రీ’, ‘రాష్ట్రీయ’, ‘లక్ష్మి’ అన్న మూడు మాటలు పెట్టి చూడండి. అవి నిలిస్తే మిగతావన్నీ నిలుస్తాయి. చదివే వచనానికి 16 పిక్సెళ్లు తగ్గకుండా, లైన్ హైట్ అక్షరానికి 1.6 రెట్లు పెట్టి మొదలుపెట్టండి. అక్షరాల మధ్య ఖాళీ పెంచి సాగదీయకండి, ఫ్లెక్సీ మీద చెల్లింది కానీ చిన్న తెర మీద మాట ముక్కలవుతుంది.

మూడోది, డీటీపీ నుంచి వచ్చేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది: తెర కాగితం కాదు. శుభలేఖలో పేరు పట్టకపోతే మీరే అక్షరం తగ్గిస్తారు. యాప్‌లో ఆ పని చేయడానికి మీరుండరు. వీర వెంకట సత్యనారాయణ మూర్తి గారు ఇంటిపేరుతో సహా వచ్చి ఆ డబ్బాలో కూర్చుంటారు. పేరు పొడుగైతే ఏమవుతుంది, ఫొటో లేకపోతే ఏం కనిపిస్తుంది, నెట్ పోతే, డబ్బు కట్ అయ్యాక పేజీ ఆగిపోతే, జాబితాలో ఏమీ లేకపోతే? ఒక తెర గీశామంటే ఈ రూపాలన్నీ గీసినట్టు. పేరు గురించే మరొకటి. ఇంగ్లిషు ఫారాల్లో ‘మొదటి పేరు, చివరి పేరు’ అని రెండు గడులుంటాయి. మనకు మొదట వచ్చేది ఇంటిపేరు. ఎటు రాయాలో తెలియక ఎటో రాస్తారు, తర్వాత ఆధార్‌తో సరిపోలలేదని ఆఫీసు చుట్టూ తిరుగుతారు. ‘ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరు’ అని ఒకే గడి పెడితే గొడవ తీరిపోతుంది.

మీకు దగ్గరి దారి తెలుగు ఇంటర్‌ఫేస్ మాటల పని, అంటే తెర మీది బటన్లు, సూచనల మాటలు రాయడం, అని మా అభిప్రాయం. యాప్‌లను తెలుగులోకి తెచ్చేవాళ్లు చాలామంది నిఘంటువు పక్కన పెట్టుకుని చేస్తారు, ఫలితం ఎవరికీ అర్థం కాదు. ఒక ఉదాహరణ. బస్సు టికెట్ వద్దనుకున్న మనిషికి పెట్టె వస్తుంది: ‘టికెట్ రద్దు చేయాలా?’ కింద రెండు బటన్లు, ‘రద్దు’, ‘సరే’. ఇంగ్లిషులో ఆ మొదటి బటన్ ‘ఈ పెట్టె మూసేయి’ అన్నదానికి పెట్టింది. తెలుగులో చదివినవాడు టికెట్ రద్దు కావాలని అదే నొక్కుతాడు, టికెట్ అలాగే ఉండిపోతుంది. బటన్ల మీద ‘టికెట్ రద్దు చేయండి’, ‘టికెట్ ఉంచండి’ అని రాస్తే చిక్కే లేదు. వాడుకలో ఉన్న మాట ఉండగా కొత్తది కనిపెట్టకండి. పాస్‌వర్డ్ అంటే రావులపాలెం సంతలో కూడా తెలుసు, సంకేతపదమంటే తెలియదు. మీ సెంటరుకి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపించుకోవడానికి వస్తారు కదా, వాళ్లు ఏ గడి దగ్గర మిమ్మల్ని అడుగుతున్నారో నెల రోజులు ఒక నోటుబుక్కులో గీతలు పెట్టండి. అదే మీ మొదటి ప్రాజెక్టు.

ప్రశ్న: తణుకులో బ్యాంకు ఉద్యోగం, 38 ఏళ్లు. ఐఐటీలో ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) చేస్తే మంచిదంటున్నారు. ఈ వయసులో రానిస్తారా?

జవాబు: రానిస్తారు. ఎం.డెస్ ప్రవేశానికి ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్షకు వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయవచ్చు, ఇంటర్ తర్వాత మూడేళ్ల డిగ్రీ ఏదైనా చాలు. పరీక్ష ఏటా జనవరిలో ఉంటుంది. ఆ స్కోరుతో ఐఐటీ హైదరాబాద్, బాంబే, గువాహటి లాంటి చోట్ల దరఖాస్తు పెట్టవచ్చు. స్కోరు ఒక్క ఏడాదికే చెల్లుతుంది. ఇందులో చేత్తో గీసి ఆలోచన చూపాల్సిన భాగం ఉంది కాబట్టి ఆరు నెలల ముందు నుంచి రోజూ పెన్సిలు పట్టాలి. కానీ రెండేళ్లు జీతం లేకుండా ఇంటి అప్పు, పిల్లల ఫీజులు మోయగలరా అన్నది అసలు ప్రశ్న.

సెలవు పెట్టకుండా ఒక దారి ఉంది. మీ బ్యాంకులో కొత్త సాఫ్ట్‌వేరో యాప్ మార్పో వచ్చేముందు యూఏటీ (యూజర్ యాక్సెప్టెన్స్ టెస్టింగ్) అని శాఖల నుంచి కొందరిని పిలిచి పరీక్షింపజేస్తారు. దానికి పేరివ్వండి. కౌంటర్ దగ్గర పింఛనుదారులు ఏం అడుగుతారో తెలిసిన మనిషి రాసే నోట్లు, ప్రధాన కార్యాలయంలో డిజిటల్ విభాగం వాళ్లకు అరుదుగా దొరుకుతాయి. లోపలి నుంచి ఆ విభాగానికి మారడం, బయటి నుంచి జూనియరుగా చేరడం కన్నా తేలిక, జీతమూ తగ్గదు.

ప్రశ్న: ఏ ల్యాప్‌టాప్ కొనాలి? (రావులపాలెం)

జవాబు: 8 జీబీ ర్యామ్ ఉన్న పాతదైనా సరే. మ్యాక్ అక్కర్లేదు. మిగిలిన డబ్బుతో చవకరకం ఆండ్రాయిడ్ ఫోను ఒకటి కొనండి. మీరు గీసింది జనం చూసేది అందులోనే. కరెంటు కోతలుంటే బ్యాటరీ సంగతి చూసుకోండి.

ప్రశ్న: రామచంద్రపురం నుంచి రాస్తున్నాను. 39 ఏళ్లు. పిల్లల కోసం ఎనిమిదేళ్లు ఉద్యోగం మానేసి, ఇప్పుడు యూఎక్స్ నేర్చుకున్నాను. ఒక స్టార్టప్ నుంచి పిలుపొచ్చింది. ఇంటర్వ్యూకి ముందు వాళ్ల యాప్ మొత్తం వారంలో రీడిజైన్ చేసి పంపమన్నారు. ఉచితంగానే. చేయాలా? ఆ ఎనిమిదేళ్ల గురించి అడిగితే ఏం చెప్పాలండి?

జవాబు: మొత్తం చేయకండి. ఇంటర్వ్యూకి ముందు ఇచ్చే పని ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ముగిసేదై ఉండాలి, అదీ ఊహాత్మకమైన సమస్య మీద అయితే మేలు. నడుస్తున్న యాప్ మొత్తాన్ని చేయమన్నారంటే ఉద్యోగం పేరుతో ఉచితంగా పని చేయించుకోవడం కావచ్చు, లేదా పని ఎంత పడుతుందో వాళ్లకే తెలియకపోవడం కావచ్చు. రెండూ మీకు మంచి కబుర్లు కావు. మర్యాదగా ఇలా రాయండి: ‘మీ యాప్‌లో ఫలానా ఒక్క పనిని తీసుకుని ఎనిమిది గంటల్లో చేసి పంపగలను. మీరు కోరిన పని మొత్తానికి ఇంత సమయం, ఇంత పారితోషికం అవుతుంది.’ ఒప్పుకుంటే, చేసిన నాలుగైదు తెరలూ పీడీఎఫ్‌గా పంపండి, మార్చుకోవడానికి వీలున్న ఫిగ్మా ఫైలు ఇవ్వకండి. మొదటి పేజీలోనే ‘ఇవి నేను అనుకున్నవి, వాడేవాళ్లతో పరీక్షించలేదు’ అని మీ ఊహలన్నీ వరసగా రాయండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

ఎదురుగా కూర్చోబెట్టి నలభై అయిదు నిమిషాల్లో ఒక సమస్య పరిష్కరించమంటే అది వేరు, మామూలుగా జరిగేదే. ‘లిఫ్ట్ బటన్లు డిజైన్ చేయండి’ లాంటివి ఇస్తారు. అందులో వెంటనే గీయడం మొదలుపెట్టినవాళ్లు పోతారు. మొదటి పది నిమిషాలు అడగండి. ఎన్ని అంతస్తులు, ఎవరెక్కుతారు, ఆసుపత్రా అపార్ట్‌మెంటా, స్ట్రెచర్ పడుతుందా, చూపులేనివాళ్లు ఎలా నొక్కుతారు. జవాబులను బోర్డు మీద రాసి, అప్పుడు పెన్ను ఎత్తండి. గీస్తున్నంతసేపూ ఎందుకలా గీస్తున్నారో పైకి చెబుతుండండి, వాళ్లు మార్కులు వేసేది ఆ మాటలకే.

ఎనిమిదేళ్ల సంగతికి ఒక్క వాక్యం చాలు: ‘ఫలానా సంవత్సరం నుంచి ఫలానా దాకా పిల్లల బాధ్యత చూసుకున్నాను, గత ఏడాదిగా ఈ రెండు ప్రాజెక్టులు చేశాను.’ క్షమాపణలొద్దు, వివరణ పొడిగించొద్దు. వెంటనే ప్రాజెక్టు తెర తెరిచి చూపించండి. రెజ్యూమెలో ఆ కాలాన్ని ఫ్రీలాన్స్ అని రాయకండి, తరవాతి ప్రశ్న ‘ఏ క్లయింటు?’ అనే వస్తుంది. వీడియో ఇంటర్వ్యూ అయితే ఫోన్ హాట్‌స్పాట్ ముందురోజే కలిపి చూసుకోండి. పోర్ట్‌ఫోలియో పీడీఎఫ్‌ను ల్యాప్‌టాప్‌లో దించి ఉంచండి. మధ్యలో నెట్ పోయినా కాల్ మళ్లీ కలిసేసరికి అదే పేజీ తెరిచి ఉండాలి.